అన్నం తగ్గించే ముందు వీపు మీద చెయ్యి వేసి చూడండి

మీరు రాసింది ఇది: గుంటూరులో మీ ఆరేళ్ల ఆడ ల్యాబ్రడార్‌కి నెలన్నరగా పొట్ట పెరుగుతోంది, నీళ్లు బాగా తాగుతోంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. ఇంట్లో అందరూ "లావెక్కింది, అన్నం తగ్గించు" అంటున్నారు, తగ్గించాలా అని అడిగారు.

ఇప్పుడే తగ్గించకండి. ముందు దాని వీపు మీద చెయ్యి వేసి నిమరండి. కొవ్వు పట్టిన కుక్కకి పొట్ట ఒక్కటే పెరగదు. మెడ, నడుము, తోక మొదలు, అన్నీ నిండుతాయి. పక్కటెముకలు వేళ్లకి సరిగా దొరకవు. పొట్ట పెరుగుతూ, వెన్నెముక మాత్రం చేతికి గుచ్చుకుంటుంటే అది కొవ్వు కాదు. ఈ తేడా తెలియక మా బ్రూనో విషయంలో మూడు వారాలు పోగొట్టుకున్నాను.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. బ్రూనో కూడా ల్యాబే, అప్పటికి వాడికి ఏడేళ్లు. మే నెలలో పొట్ట కిందికి జారడం మొదలైంది. రొప్పుతుంటే రోహిణి కార్తె కదా అనుకున్నాం. బెజవాడ ఎండకి మనుషులమే అల్లాడిపోతున్నాం, ఒళ్లంతా బొచ్చున్న వాడి సంగతి చెప్పాలా అనుకున్నాం. రాత్రిళ్లు దగ్గితే కూలర్ గాలి పడలేదేమో అనుకున్నాం. దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే పైపైన చూసి, ల్యాబ్‌లకి ఇది మామూలే అని నులిపురుగుల మాత్ర ఇచ్చి, తిండి సగం చేయమన్నారు. నేను సగమే పెట్టాను. వాడు పెరుగన్నం గిన్నె నాకేసి నా మొహంలోకి చూసేవాడు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. మూడో వారానికి తొడల్లో కండ కరిగిపోయింది, నడుం ఎముకలు తేలాయి, పొట్ట మాత్రం బిందెలా అయింది. ఒక పక్క అరచెయ్యి ఆనించి రెండో పక్క వేళ్లతో తడితే లోపల అల కదిలి చేతికి తగిలేది.

ఆటో మాట్లాడుకుని గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాం. స్కాన్‌లో పొట్ట నిండా నీరే. సూదితో కొంత తీస్తే లేత ఎరుపు రంగులో వచ్చింది. ఆ తర్వాత ఎకో, అంటే గుండె స్కాన్, చేయిస్తే గుండె పెద్దదై, గోడలు పల్చబడి ఉన్నాయి. గుండె కుడివైపు సరిగా పంప్ చేయలేకపోతే రక్తం వెనక్కి ఆగిపోయి కాలేయం ఉబ్బుతుంది, అక్కడి నుంచి నీరు పొట్టలోకి ఊరుతుంది. మేం దాన్ని కొవ్వనుకుని వాడి తిండి కోశాం. నీరు పోవడానికి ఫ్యూరోసెమైడ్, గుండెకి పిమోబెండాన్ మొదలుపెట్టారు. ఉప్పున్నవన్నీ ఆపేశాం, మా పిల్లలు పెట్టే బిస్కెట్లు, చిప్స్‌తో సహా. రోజూ రాత్రి వాడు నిద్రపోయాక నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాసేదాన్ని. నిద్రలో 30 దాటుతూ ఉంటే డాక్టర్‌కి చెప్పాలి. ఆ తర్వాత వాడు 14 నెలలు ఉన్నాడు, మంచి ఆకలితో, తోక ఊపుతూ ఉన్నాడు.

అలాగని పొట్టలో నీరంటే గుండె జబ్బే అని కాదు. కాలేయం పాడైనా, పేగుల నుంచో కిడ్నీల నుంచో ప్రొటీన్ పోతున్నా రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడిపోయి నీరు చేరుతుంది. పిడుదుల వల్ల, మా వైపు గోమార్లంటాం, వచ్చే జ్వరంలో ప్లీహం ఉబ్బుతుంది, చిగుళ్లు పాలిపోతాయి, ముక్కు నుంచి రక్తం కూడా రావచ్చు. కుక్కపిల్లలకైతే చాలాసార్లు నులిపురుగులే కారణం. థైరాయిడ్ తగ్గితే మాత్రం నిజంగానే బరువు పెరుగుతుంది, మందకొడిగా పడుకుంటుంది, తోక మీద వెంట్రుకలు రాలతాయి.

ఇంకొకటి, మన దగ్గర ఎక్కువగా జరిగేది. దురదకని మెడికల్ షాపులో అడిగి తెచ్చి నెలల తరబడి వేసే స్టెరాయిడ్ మాత్రలు. వాటివల్ల దాహం, ఆకలి, పొట్ట మూడూ పెరుగుతాయి, చర్మం పల్చబడుతుంది. ఒంట్లోనే స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే కుషింగ్స్ జబ్బులోనూ ఇవే లక్షణాలు. మీరు అలాంటివి వేస్తుంటే భయపడి ఒక్కసారిగా ఆపకండి, అది ఇంకా ప్రమాదం. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

కానీ మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టింది వేరే ఉంది. ఆడకుక్క, ఆపరేషన్ లేదు, నీళ్లు ఎక్కువ తాగుతోంది. హీట్ అయిన, అంటే ఎదకి వచ్చిన, నెలా రెండు నెలల్లో గర్భసంచిలో చీము పట్టే జబ్బు ఒకటి ఉంది, పయోమెట్రా అంటారు. తెనాలిలో మా అక్కవాళ్ల పామరేనియన్‌కి వచ్చింది. కింది నుంచి చీము కారితే మనకి తెలుస్తుంది. గర్భసంచి ముఖద్వారం మూసుకుపోతే చుక్క కూడా బయటికి రాదు, పొట్ట మాత్రమే పెరుగుతుంది. అక్కవాళ్ల దానికి అదే జరిగింది. చూలు కట్టిందనుకుని రెండు రోజులు ఆలస్యం చేశారు. చివరికి ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశాక బతికింది. చీము నిండిన గర్భసంచి లోపలే పగిలితే బతకడం కష్టం. వాంతులు, నీరసం, తిండి మానేయడం ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా ఆగకండి.

ఉన్నట్టుండి గంటా రెండు గంటల్లో పొట్ట డప్పులా బిగుసుకుని, వాంతి రాకుండా వట్టిగా డోకుతుంటే అది పొట్ట మెలిపడటం కావచ్చు. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్‌లాంటి పెద్ద ఛాతీ ఉన్నవాటికి ఎక్కువ. అప్పుడు వాము నీళ్లూ సోడా పట్టకుండా అర్ధరాత్రైనా బయల్దేరాలి. మీది నెలన్నరగా మెల్లగా పెరిగింది కాబట్టి అది కాదనే అనుకుంటున్నాను.

ముందు పొట్ట స్కాన్ అడగండి. దాంతోపాటు రక్త పరీక్ష, అందులో ఆల్బుమిన్, కాలేయం, కిడ్నీ ఉండేలా చూడండి. స్కాన్‌కి ముందే నీరు పోయే మాత్రలు రాస్తానంటే, కారణం తెలిశాక వేస్తామని మర్యాదగా చెప్పండి. రోజుకి ఎన్ని నీళ్లు తాగుతోందో ఈ సాయంత్రం నుంచి కొలిచి రాసిపెట్టుకోండి, బరువు కూడా తూయించండి.

చివరిసారి హీట్ ఎప్పుడొచ్చిందో మీరు రాయలేదు. గుర్తు తెచ్చుకోండి, డాక్టర్‌కి ముందు ఆ తేదీయే చెప్పండి. రెండు నెలల లోపే అయితే ఇది చదవడం ఆపి ఇప్పుడే తీసుకెళ్లండి.