స్కానర్‌లో ‘ఇంజెక్టర్ సర్క్యూట్’ అని వస్తే ఇంజెక్టర్ మార్చేయాలా?

మార్చకండి. ఎస్టిమేట్ కాగితం మడిచి డ్యాష్‌బోర్డులో పడేసి, ముందు వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పట్టుకోండి.

మీరు రాసింది ఇదీ: పెట్రోల్ కారు, వేడెక్కాక మిస్ కొడుతోంది, చెక్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పి0203 అనే లోపం కోడ్ వచ్చింది. సర్వీస్ సెంటర్‌వాళ్లు మూడో ఇంజెక్టర్ (ఆ సిలిండర్‌కి పెట్రోల్ చిమ్మేది) పోయిందని తేల్చేశారు. ఒకటి పోతే మిగతావీ పోతాయి కాబట్టి నాలుగూ మార్చేద్దాం అంటున్నారు. ఆ ‘కాబట్టి’ ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లనే అడగాలి. పి0203 చెప్పేది ఒక్కటే: మూడో సిలిండర్ ఇంజెక్టర్‌కి వెళ్లే దారిలో కరెంటు ఉండాల్సినట్టు లేదని. దారి అంటే ఇంజెక్టర్ ఒక్కటే కాదు. కరెంటును ఆన్ చేసే స్విచ్చులాంటి రిలే, ఫ్యూజ్, రెండు వైర్లు, వైర్లను కలిపే కప్లర్, అందులో పిన్నులు, అవతలి చివర ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, ఇదంతా ఆ దారే. ఇన్నింటిలో విప్పడానికి సులువైనదీ, బిల్లు వేయడానికి వీలైనదీ ఇంజెక్టర్. అందుకే పాపం ప్రతిసారీ దాని మీదే పడతారు.

నాకూ అచ్చం ఇదే కోడ్ వచ్చింది. మే నెల, మధ్యాహ్నం, హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నాం. సూర్యాపేట దాటేదాకా బండి బంగారంలా వచ్చింది. కోదాడలో టీకి ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తే మొదలైంది వణుకు. పికప్ లేదు, లారీని దాటుదామంటే భయం. వెనక సీట్లోంచి మా మామగారు ‘కార్బొరేటర్ బళ్లయితే రోడ్డు పక్కన జెట్ విప్పి ఊదుకుని వెళ్లిపోయేవాళ్లం అల్లుడుగారూ’ అని నందిగామ దాకా అంటూనే ఉన్నారు. కార్బొరేటర్ గురించి అంత ప్రేమగా మాట్లాడేవాళ్లెవరూ చలికాలం పొద్దున్నే చోక్ లాగి దాన్ని బతిమాలిన రోజులు మాత్రం చెప్పరు. సరే, అది వేరే గొడవ.

మరునాడు సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. స్కానర్‌లో రెండు కోడ్‌లు: పి0203, దాంతోపాటు పి0171, అంటే గాలి, పెట్రోల్ మిశ్రమంలో పెట్రోల్ తక్కువ అని. మూడో ఇంజెక్టర్ మార్చారు. బండి చల్లగా ఉన్నంతసేపు బాగుంది, బెంజ్ సర్కిల్ దాటేసరికి మళ్లీ అదే వణుకు. వెనక్కి తీసుకెళ్తే ఈసారి ఆక్సిజన్ సెన్సర్ అన్నారు, అదీ కాకపోతే ఈసీఎం అన్నారు. ఎలక్ట్రికల్ పార్టులు వాపసు తీసుకోరండీ, బిల్లు మీదే రాసి ఉంటుంది. రోగం కుదరకపోయినా మందు డబ్బు మాత్రం మనదే.

అప్పుడు ఒక స్నేహితుడు ఆటోనగర్‌లో ఓ ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాడు. రేకుల షెడ్డు, బయట చెట్టు, చెట్టు కింద స్టూలు. అక్కడ కూర్చుని చూసిన పనే మీకు చెప్పాలనుకుంటున్నది.

ఆయన స్కానర్ జోలికి వెంటనే వెళ్లలేదు. బండి స్టార్ట్ చేయించి, పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, మొన ఒక్కో ఇంజెక్టర్ మీద పెట్టి విన్నాడు. మిగతా మూడూ టిక్కు టిక్కుమంటున్నాయి, మూడో సిలిండర్‌ది మాట్లాడటం లేదు. తర్వాత ప్లగ్గులు విప్పాడు. మూడో ప్లగ్గు పొడిగా ఉంది. ‘చూడండి సార్, స్పార్క్ లేకపోతే ఇది పెట్రోల్‌తో తడిసి వాసన కొట్టేది. పొడిగా ఉందంటే పెట్రోలే రావట్లేదు’ అన్నాడు. స్పార్క్ పుట్టించే కాయిల్ మీద నా అనుమానం అక్కడితో పోయింది. పి0171 సంగతి కూడా అప్పుడే చెప్పాడు: పెట్రోల్ పడని సిలిండర్ ఉత్త గాలిని సైలెన్సర్‌లోకి తోస్తుంది, ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోల్ చాలడం లేదని రిపోర్టు చేస్తుంది. సెన్సర్ నిజమే చెబుతోంది. నిజం చెప్పినందుకు దాన్ని మార్చేద్దామన్నారు సర్వీస్ సెంటర్‌వాళ్లు.

ఇంజెక్టర్ రెసిస్టెన్స్ చూశాడు. పెట్రోల్ కార్లలో వీటికి మామూలుగా 12 నుంచి 16 ఓమ్‌లు ఉంటుంది. కొత్తది 14 చూపించింది, పక్కవాటితో సమానం. కప్లర్ దగ్గర మీటర్ పెడితే 12.4 వోల్టులు. అంటే రిలే వైపు నుంచి కరెంటు వస్తోంది. కీ ఆన్‌లో ఉన్నంతసేపు ఇంజెక్టర్‌కి 12 వోల్టులు నిలబడే ఉంటాయి, ఈసీఎం చేసేది రెండో వైరును క్షణంలో కొంత వంతు ఎర్త్‌కి కలిపి వదిలేయడం. కాబట్టి మిగిలింది ఆ రెండో వైరు. దాన్ని సర్వీస్ సెంటర్‌లో కూడా చూశారు, నా ముందే. మీటర్ బీప్‌లో పెట్టి ఈ చివరా ఆ చివరా ఆనిస్తే ‘బీప్’ అంది. వైరు ఓకే అని రాసేశారు.

ఆటోనగర్ ఆయనకి ఈ బీప్ అంటే ఒళ్లు మంట. చాలా మీటర్లు 20, 30 ఓమ్‌లు ఉన్నా బీప్ అంటూనే ఉంటాయి. ఇంజెక్టర్‌దే 14 ఓమ్‌లు. దాని రెండో వైరులో ఇంకో 20 దాక్కుంటే, 0.9 ఆంపియర్ వెళ్లాల్సిన చోట 0.4 కూడా వెళ్లదు. ఇంజెక్టర్ లోపలి సూది లేవదు, పెట్రోల్ పడదు. మీటరేమో తన అవసరానికి లాగే కరెంటు దాదాపు సున్నా కాబట్టి 12 వోల్టులూ నిండుగా చూపిస్తుంది. కుళాయి కట్టేసి ఉన్నంతసేపు పైపులో ప్రెషర్ బ్రహ్మాండంగా ఉన్నట్టే అనిపించి, తిప్పితే సన్నటి ధార వచ్చే అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆయన చేసిన పని ఇది. బ్యాటరీ టెర్మినల్ తీసి, ఈసీఎం కప్లర్, ఇంజెక్టర్ కప్లర్ రెండూ విప్పేశాడు. అంటే వైరు రెండు చివరలా ఒంటరిగా ఉంది. ఒక చివర ఎర్త్ ఇచ్చాడు, రెండో చివరకి ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు తగిలించి, విడి వైరుతో బ్యాటరీ ప్లస్ నుంచి కరెంటు ఇచ్చాడు. ఒకటి, రెండు, నాలుగు వైర్ల మీద బల్బు కళ్లు చెదిరేలా వెలిగింది. మూడో దాని మీద ఎర్రగా మిణుకుమంది. హార్నెస్, అంటే ఆ వైర్ల కట్ట, పట్టుకుని కాస్త వంచాడు, ఆరిపోయింది.

తర్వాత నల్ల ఫ్లెక్సిబుల్ పైపు చీల్చి, మూడో వైరును వేళ్లతో కొంచెం కొంచెం లాగుతూ వచ్చాడు. ఒక బ్రాకెట్ దగ్గర అది రబ్బరులా సాగింది. రాగి బాగున్న వైరు సాగదండీ, లోపల తెగితే పైతొడుగు ఒక్కటే సాగుతుంది. కోసి చూస్తే లోపల ఆకుపచ్చ పొడి, రెండో మూడో పోగులు ఆనీ ఆననట్టు. పైన గీత కూడా లేదు. వేడెక్కినప్పుడు తొడుగు మెత్తబడి ఆ పోగులు విడిపోవడం, చల్లబడితే ఆనుకోవడం, అంతే కథ. కొత్త ముక్క వేసి, టంకం పెట్టి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, ఈసారి కొంచెం వదులుగా కట్టాడు. నా దగ్గర తీసుకున్నది కొన్ని వందలు. మార్చిన ఇంజెక్టర్ ఖరీదు ముందు అది చిల్లర.

అసలు ఆ వైరు అక్కడ ఎందుకు తెగింది? అంతకుముందు ఎవరో సెక్యూరిటీ అలారం బిగిస్తూ హార్నెస్‌ని బ్రాకెట్‌కి ప్లాస్టిక్ ట్యాగ్‌తో బిర్రుగా కట్టేశాడు. ఇంజిన్ ఊగిన ప్రతిసారీ వైర్లన్నీ ఒకే చోట వంగుతాయి. ఫాగ్ ల్యాంపులు, లారీ హారన్లు, కింద నీలం లైట్లు బిగించే కుర్రాళ్లకి ఎవరైనా చెప్పాలి, కంపెనీ వైరును బ్లేడుతో గీకి మెలేసి టేపు చుడితే అది కనెక్షన్ అవ్వదు. ఆ టేపు మన ఎండకి రెండు వేసవులు కూడా ఆగదు, జిగురై కారిపోతుంది. ఇంజిన్ బేలోకి ప్రెషర్ గన్‌తో నీళ్లు కొట్టించుకుని మెరుస్తోందని ఫోటోలు పెట్టేవాళ్లూ ఈ జాబితాలోవాళ్లే. వైర్లు కొరికే సెల్లార్ ఎలకల గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇవాళ అవ్వదు. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి బానెట్ కిందా ఎలకలు రాకుండా పెట్టిన పొగాకు కాడలు ఉంటాయి, ఎలకలు మాత్రం వాటి పక్కనే కాపురం పెడుతున్నాయి.

మీ ఎలక్ట్రీషియన్‌కి ఒక మాట చెప్పండి. ఈసీఎం కప్లర్ విప్పకుండా 21 వాట్ల బల్బు పెట్టకూడదు. ఈసీఎం లోపలి ట్రాన్సిస్టర్ పోతే అప్పుడు నిజంగానే ఈసీఎం కొనాల్సి వస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా సిగ్నల్ చూడాలంటే రెసిస్టర్ అతికించిన చిన్న ఎల్‌ఈడీ చాలు. ఇంజెక్టర్ కప్లర్‌లో గుచ్చితే టపటపా కొట్టుకోవాలి. సెన్సర్ వైర్ల మీద అయితే మామూలు బల్బు అసలు వద్దు, అక్కడుండేది 5 వోల్టులే. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని ముట్టుకోనివ్వకండి. ఇంకోటి, చెక్ లైటు నిలకడగా కాకుండా ఆరుతూ వెలుగుతూ ఉంటే బండి నడపకండి. స్పార్క్ మిస్ అయితే కాలని పెట్రోల్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కాల్చేస్తుంది. దాని ధర అడిగితే ఇంజెక్టర్లు చవగ్గా కనిపిస్తాయి.

ఇదంతా పెట్రోల్ బండికే. ఇది చదివి డీజిల్ కారున్నవాళ్లెవరూ బల్బు పట్టుకుని బయల్దేరకండి. కామన్ రైల్ ఇంజెక్టర్‌కి ఈసీఎం ఇచ్చేది 12 వోల్టులు కాదు, రకాన్ని బట్టి 60, 80, కొన్నింట్లో 100 కూడా దాటుతుంది. రైల్ అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే పైపు, అందులో ప్రెషర్ వెయ్యి బార్‌లు కూడా దాటుతుంది. ఇంజిన్ తిరుగుతుంటే దాని వైరు మీద చెయ్యి వేయనే వద్దు.