ఇరవై ఒకటో కంప్యూటర్

"మాది చిన్న ఆఫీసు. మంచి పీసీ ఒకటి కొని దాన్నే సర్వర్‌గా పెట్టుకుంటే సరిపోదా? డెస్క్‌టాప్ ఓఎస్‌కీ (విండోస్ లాంటి, కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) సర్వర్ ఓఎస్‌కీ నిజంగా తేడా ఉందా?" అని అడిగారు. ఉంది. నాకది 2022 వరమహాలక్ష్మి సీజన్‌లో, బెంగళూరు చిక్‌పేటలో తెలిసొచ్చింది.

మూడంతస్తుల హోల్‌సేల్ చీరల కొట్టు. అక్కడ కంప్యూటర్ల పని నేనే చూసేవాణ్ణి. మామూలు రోజుల్లో బిల్లింగ్‌కి 16 కంప్యూటర్లు. అన్నిటికీ డేటా ఇచ్చేది మెట్ల కింద పెట్టిన ఒక పీసీ. 32 జీబీ ర్యామ్, విండోస్ 10 ప్రో. అమ్మినాయన "ఇది సర్వరే సార్" అని చెప్పి ఇచ్చాడు. పండగ రద్దీకి ఇంకో ఆరు అద్దెకు తెచ్చి కలిపాం.

మర్నాడు పొద్దున పదకొండింటికి రెండో అంతస్తు నుంచి కేక. "అన్నా, నాకు బిల్లు రావట్లేదు!" నేను మెట్లెక్కి వెళ్ళేసరికి ఆ అమ్మాయికి వచ్చేసింది, కింద ఇంకొకరికి పోయింది. కేబుళ్ళు మార్చాం. ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్పీ రోడ్డుకి పరిగెత్తి కొత్త స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్ళన్నీ కలిపే పెట్టె) తెచ్చాం. అమ్మినాయన వచ్చి వైరస్ అన్నాడు, ఫార్మాట్ కొడతానన్నాడు. పండగ ముందు ఫార్మాట్ ఏంటండీ! నేను ఒప్పుకోలేదు. అర్థం కాని ప్రతిదానికీ ఫార్మాట్ అనే ఈ అలవాటు ఎప్పుడు పోతుందో. కోలారు, తుమకూరు నుంచి వచ్చిన వ్యాపారులేమో బస్సు టైమైపోతోందని గొడవ. రెండు రోజులు చేత్తో బిల్లులు రాశాం.

మూడో రోజు ఒకటి గమనించాను. నలుగురు భోజనానికి లేస్తే, పావుగంటకల్లా మిగతా అందరికీ పని చేస్తోంది. అప్పుడు కూర్చుని, అందరూ ఓకే కొట్టి మూసేస్తున్న ఆ ఇంగ్లీషు మెసేజ్ పూర్తిగా చదివాను. ఈ కంప్యూటర్ ఇంతకు మించి కనెక్షన్లు తీసుకోదు అని ఉంది. విండోస్ 10 ప్రో ఒకేసారి 20 కనెక్షన్లకే ఫైళ్ళు పంచుతుంది. మావి 22. వాడకుండా ఉన్న కనెక్షన్‌ని 15 నిమిషాలకి అదే తెంచేస్తుంది కాబట్టి భోజనాల వేళ చోటు దొరికేది. ర్యామ్ సగానికి పైగా ఖాళీగానే ఉంది.

అందుకే ఎవరైనా సర్వర్ కొంటామంటే నేను ర్యామ్ సంగతి అడగను, ఎన్ని కంప్యూటర్లు కలుపుతారో అడుగుతాను. 1996లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 4.0లోనే వర్క్‌స్టేషన్‌కీ (అంటే డెస్క్‌టాప్ రకానికీ) సర్వర్‌కీ కెర్నల్, అంటే ఓఎస్ లోపలి గుండెకాయ, ఒకటే. తాను ఏ రకమో రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట, చూసుకుని దాన్నిబట్టి నడుచుకునేది. డెస్క్‌టాప్ విండోస్ ఎదురుగా కూర్చున్నవాడి పక్షం, తెరిచి ఉన్న విండోకే ముందు ప్రాసెసర్ టైమ్ ఇస్తుంది. సర్వర్ విండోస్ వెనకాల నడిచే సర్వీసులను చూసుకుంటుంది. మా మెట్ల కింద పీసీకి మానిటర్ ఉంది కదా అని గోడౌన్ కుర్రాళ్ళు మధ్యాహ్నం దాని మీద క్రికెట్ పెట్టుకునేవాళ్ళు. కొట్టు మొత్తం లెక్కలున్న మిషన్ మీద! సర్వర్‌కి మానిటర్ తగిలించి నలుగురూ తిరిగే చోట పెట్టేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

విండోస్ సర్వర్ కొనాలంటే దానికో లైసెన్సు, వాడే ప్రతి మనిషికో కంప్యూటర్‌కో క్యాల్ అనే ఇంకో లైసెన్సు. యజమాని ఆ ఖర్చుకి ఒప్పుకోలేదు. ఆ రాత్రి కొట్టు మూశాక వేరే పాత పీసీలో ఉబుంటు సర్వర్ 22.04 అనే ఉచిత లైనక్స్ ఓఎస్ వేసి, సాంబాతో (లైనక్స్‌లోని ఫోల్డర్లను విండోస్ కంప్యూటర్లకు పంచే సాఫ్ట్‌వేర్) డేటా ఫోల్డర్ షేర్ చేశాను. ఐదేళ్ళు, అంటే 2027 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఇరవై అనే హద్దు లేదు. డేటా కాపీ అయ్యేసరికి తెల్లవారుజాము మూడు. పొద్దున ఒక్కో అంతస్తూ ఎక్కి చూశాను, 22 కంప్యూటర్లలోనూ బిల్లు తెరుచుకుంది.

మీ ఆఫీసులో ఉన్నది పదిమందే అయితే మీరనుకున్న పీసీ చాలు. కాకపోతే లెక్క ఇప్పుడే వేసుకోండి. సీజన్‌కి అద్దెకు తెచ్చేవి, స్కాన్ చేసి ఫోల్డర్‌లో వేసే ప్రింటరు, అవి కూడా కలిపి.