పాఠాల గదికి గడియ ఎందుకు పడింది?

ప్రశ్న: మాది తిరుపతి. మా బాబుకు తొమ్మిదేళ్ళు. రెండో తరగతి అయ్యాక బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాను. మొదటి ఏడాది మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలతో సాగింది. ఈ జూన్‌లో అమెరికా హోంస్కూల్ సిలబస్ తెప్పించాను. 36 వారాలు, 180 పాఠాలు, రోజుకు ఆరు సబ్జెక్టులు. తెలుగు అందులో లేదు, అది తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. ఈపాటికి 85వ పాఠంలో ఉండాలి, 52 దగ్గర ఆగిపోయాం. శ్రావణమాసం దాకా 40 పాఠాలు బాగానే అయ్యాయి. వినాయక చవితి నుంచి పుస్తకం తీస్తే ఏడుపు. మామగారు రిటైర్డ్ టీచరు. పొద్దున్నే వాకింగ్ అని వాణ్ణి కపిలతీర్థం వైపు తీసుకెళ్ళి ఎనిమిదిన్నరకు తెస్తారు. మొన్న వాడు వచ్చి "అమ్మా, అలిపిరి నుంచి మొత్తం 3,550 మెట్లంట, మేం 600 ఎక్కి దిగినాం, ఇంకా 2,950 ఉండాయి" అని ఒకటే కబుర్లు. ఆ రోజు పాఠమే కాలేదు. శ్రావణంలో ఒకరోజు అమెరికా నికెల్, డైమ్ నాణేల పాఠం చెబుతుంటే మామగారు లోపలికి వచ్చి "ఇదేం లెక్కమ్మా?" అన్నారు. అదే వారం చుట్టాల ముందు "మా కోడలు పిల్లోడి మీద ప్రయోగాలు చేస్తా ఉంది" అన్నారు. అప్పటి నుంచి గది తలుపు గడియ పెట్టుకుని చెబుతున్నాను. ఆయనతో మాటలు కూడా తగ్గించేశాను. మా ఆయన శ్రీసిటీలో ఉద్యోగం, తెల్లారి వెళ్తే రాత్రికి వస్తారు. రోజుకు రెండు పాఠాలు అయ్యేలా టైమ్‌టేబుల్ వేసిస్తారా?

జవాబు: అమ్మా, అలాంటి టైమ్‌టేబుల్ నేను వేసివ్వను. ఒక్క పాఠానికే ఏడుస్తున్న పిల్లాడికి రెండు పాఠాలు పెట్టడం ఏమిటి? ఆ సంగతి గబగబా తేల్చేసి అసలు విషయానికి వస్తాను.

2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. రోజుకు నాలుగు గంటలన్నమాట. అదీ ముప్పై మంది పిల్లలున్న తరగతి గదిలో, హాజరు పిలిచి, అల్లరి సర్ది, అందరికీ బోర్డు మీద రాసి చెప్పడానికి. ఎదురుగా ఒక్క పిల్లాడే ఉన్నప్పుడు రెండు గంటలు మనసుపెట్టి చెబితే చాలు. లెక్కలు, చదవడం రోజూ ఉండాలి. సైన్సు, సోషల్, మిగతావి వారానికి రెండేసి రోజులు పంచండి. వచ్చిన లెక్కలే పేజీ నిండా ఉంటే ఐదు చేయించి పేజీ తిప్పేయండి. శుక్రవారం కొత్త పాఠం వద్దు, మిగిలిపోయినవి చూసుకోండి. కొత్త సిలబస్‌కు మారిన మొదటి ఏడాది ఎవరికీ సాఫీగా నడవదు. 180 అనేది ఆ దేశంలో బడి నడిచే రోజుల లెక్క. మన ఇంట్లో దసరా ఉంటుంది, కార్తీకమాసం ఉంటుంది, నవంబరు వానల్లో రెండు రోజులు కరెంటు పోతుంది. ఆ అంకెకు మీరు బాకీ పడలేదు.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్ళు చుట్టుపక్కల పల్లెల పిల్లలకు నడిపే చిన్న బడుల్లో పాఠాలన్నీ కార్డులుగా ఉంటాయి. వాటిని వరసగా చూపించే నిచ్చెన ఒకటి ఉంటుంది. పిల్లాడు తను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని ఆ కార్డు తీసుకుంటాడు. జ్వరమొచ్చి వారం రోజులు రాకపోయినా, ఆపిన మెట్టు నుంచే మళ్ళీ మొదలు. ఈ పద్ధతిని చూసే చెన్నై కార్పొరేషన్ బడులు కూడా తమ పద్ధతి మార్చుకున్నాయి. మన పాత చిత్తూరు జిల్లాలో పుట్టిన పద్ధతి అని నాకు గర్వం. మీ బాబు 52వ మెట్టు మీద ఉన్నాడు, అంతే. 85 గురించి వాడి ముందు ఎత్తకండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో తేదీలు మీరే రాశారు, పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. శ్రావణం దాకా 40 పాఠాలు. శ్రావణంలో తలుపుకు గడియ. వినాయక చవితి నుంచి ఏడుపు. ఆ తర్వాత రెండు నెలల్లో పన్నెండు పాఠాలు. సిలబస్ మారలేదు, పిల్లాడు మారలేదు, మీరు చెప్పే తీరూ మారలేదు. మారింది ఆ గడియ ఒక్కటే. పొద్దున తాత చేయి పట్టుకుని తిరిగొచ్చిన పిల్లాడికి, తొమ్మిదింటికి ఆయన మొహం మీదే తలుపు పడటం రోజూ కనిపిస్తోంది. తొమ్మిదేళ్ళ వాడికి అన్నీ అర్థమవుతాయి. తను పుస్తకం తెరిచాడంటే తాత బయట ఉండిపోవాలని వాడికి తెలిసిపోయింది. ఇక పుస్తకం మీద ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకని మీ సమస్య మీకూ మీ మామగారికీ మధ్య ఉంది. పిల్లాడు ఆ మధ్యలో నలుగుతున్నాడు.

"ఇదేం లెక్కమ్మా" అన్న మాట చూడండి. నికెల్ అంటే ఐదు సెంట్లు, డైమ్ అంటే పది సెంట్లు. కానీ పది సెంట్ల డైమ్ నాణెం ఐదు సెంట్ల నికెల్ కన్నా చిన్నది. పుస్తకంలో రెండు బొమ్మలూ పక్కపక్కనే ఉంటాయి. ఆ నాణేలను ఎప్పుడూ చేత్తో పట్టుకోని పిల్లాడు పెద్ద బొమ్మకే ఎక్కువ విలువ అనుకోడా? ఆ పేజీ చూస్తే నేనూ అదే మాట అనేదాన్ని. ఏళ్ళ తరబడి పిల్లలకు కూడికలు నేర్పిన మనిషికి, పిల్లాడు ఎక్కడ తడబడతాడో పేజీ చూడగానే తెలుస్తుంది. ఆయన లెక్కను అడిగారు. మీకు అది మిమ్మల్ని అడిగినట్టు వినిపించింది. బడి మాన్పించిన రోజు నుంచి ఊళ్ళో ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పీ చెప్పీ అలిసిపోయి ఉంటారు, ఆ నొప్పి నాకు తెలుస్తూనే ఉంది.

మెట్ల సంగతి కూడా. ఆ రోజు పాఠం కాలేదని రాశారు. 3,550 నుంచి 600 తీస్తే 2,950. నాలుగంకెల తీసివేత, నోటితో, కాగితం లేకుండా, సంతోషంగా చేసి వచ్చి మీకు చెప్పాడు. మీ ఉత్తరం మొత్తంలో పిల్లాడు నవ్వుతూ మాట్లాడిన చోటు అదొక్కటే. దాన్ని మీరు ఫిర్యాదుగా రాశారు. అది చదివి నాకు చాలా బాధేసింది.

అలాగని మామగారిది తప్పేమీ లేదనను. చుట్టాల ముందు "ప్రయోగాలు" అన్నారు చూడండి, అది ముమ్మాటికీ తప్పు. పిల్లాడి చదువు నెత్తిన వేసుకుని పొద్దస్తమానం కష్టపడుతున్న కోడలిని నలుగురిలో పలుచన చేసే హక్కు ఏ పెద్దకీ లేదు. మీకు కోపం రావడం న్యాయమే. కానీ ఆ కోపం ఆయనకు చెప్పకుండా తలుపుతో చెప్పారు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదని నోరు మూసుకుని, లోపల గడియ పెట్టుకోవడం గౌరవం ఎలా అవుతుంది? ఎదురుగా కూర్చుని "మీరన్నది నాకు కష్టంగా ఉంది" అనడంలోనే ఎక్కువ గౌరవం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. మీ ఆయన కల్పించుకుని సర్దుతారని చూడకండి. రాత్రి అలిసి వచ్చే మనిషి వినేది సగం, చెప్పేది అందులో సగం.

రిటైరైన టీచరు ఇంట్లో ఎలా ఉంటారో నేను దగ్గరగా చూశాను, మా నాన్న కూడా టీచరే. శాలువా కప్పి, దండ వేసి, పళ్ళబుట్ట చేతికిచ్చి పంపిస్తారు. మర్నాటి నుంచి ఆయన్ను ఎవరూ ఏమీ అడగరు. ఇంట్లోనే ఒక పిల్లాడికి చదువు నడుస్తుంటే, ఆ గదిలోకి తనకు ప్రవేశం లేకపోతే, ఆ మనిషి పొద్దున్నే మనవణ్ణి తీసుకుని మెట్లు లెక్కపెట్టడానికి వెళ్ళక ఏం చేస్తారు?

రేపు వాళ్ళు వాకింగ్ నుంచి వచ్చాక, బాబును స్నానానికి పంపి, కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి కూర్చోండి. ముందు మీ కష్టం చెప్పండి. "మామయ్యా, ఆ రోజు అందరి ముందు అలా అనడం నాకు బాధగా ఉంది. తప్పనిపిస్తే నాకే చెప్పండి, నలుగురిలో వద్దు" అనండి. ఆయన ఏమైనా అన్నా, అనకపోయినా, ఒక నిమిషం ఆగండి. ఆ తర్వాతే "బాబుకు తెలుగు మీరే చెప్పాలి" అని అడగండి. ఈ వరస మార్చకండి. ముందే సాయం అడిగి తర్వాత బాధ చెప్పుకుంటే బతిమాలినట్టు ఉంటుంది, మీ మాటకు బరువు పోతుంది.

తెలుగు అని ఊరికే అనడం లేదు. ఆ అమెరికా సిలబస్‌లో లేనిది అదే, మీ ఇంట్లో నిండుగా ఉన్నదీ అదే. రేపు 14 ఏళ్ళు నిండాక జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి రాయించినా, తెలుగును ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. అది తర్వాతి మాట. ఇప్పుడు కావలసింది రోజూ ఒక అరగంట, మామగారి చేతిలో. ఆ అరగంటలో ఏం చెప్పారు, ఏ పద్యం పట్టించారు, పేపరు చదివించారా అని ఆరా తీయకండి. ఆయన పద్ధతి ఆయనది. ఎక్కాలు అప్పజెప్పించుకుంటే అప్పజెప్పించుకోనివ్వండి. మీ రెండు గంటల్లో మీరు పిలవనిదే ఆయన రావద్దు, అది కూడా స్పష్టంగా చెప్పండి. ఒప్పుకుంటారు. ఒకరు క్లాసు చెబుతుంటే మధ్యలో వెళ్ళకూడదని టీచరుకు తెలియదా?

తలుపు మాత్రం రేపే తెరవండి, ఆ మాటలు అయ్యేదాకా ఆగకండి. ఫ్యాను గాలికి కొట్టుకుంటుంటే ఒక కుర్చీ అడ్డం పెట్టండి. నాణేల పాఠం వదిలేసి, ఇంట్లో ఉన్న రూపాయి, రెండు, ఐదు, పది బిళ్ళలు ఒక గిన్నెలో పోసి బాబుకూ తాతకూ ఇవ్వండి.

సంక్రాంతి అయ్యాక మళ్ళీ రాయండి. ఎన్నో పాఠంలో ఉన్నారో నాకు అక్కర్లేదు. మామయ్య గారు ఏమన్నారో రాయండి.