కంబళిపై మిషన్ ఎంబ్రాయిడరీ: పాఠకుల సందేహాలు, మా సమాధానాలు

ప్రశ్న: నా ఎంబ్రాయిడరీ మిషన్ పలుచని నూలు బట్ట మీద చక్కగా కుడుతుంది. కానీ మెత్తని ఫ్లీస్ కంబళి మీద పేరు కుడితే అక్షరాలు నూగులో సగం మునిగిపోయాయి, అంచు గీత ఒకచోట, లోపలి కుట్టు మరొకచోట పడ్డాయి, ఫ్రేమ్ బిగించిన చోట మచ్చ మిగిలింది. లోపం మిషన్‌దా, నాదా?

జవాబు: మిషన్‌ను అనుమానించవలసిన పని లేదు. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూలం కంబళి స్వభావంలోనే ఉంది: దానికి నూగు ఉంది, సాగే గుణం ఉంది, అన్నిటికీ మించి బరువు ఉంది.

మొదట నూగు సంగతి చూద్దాం. కుట్టే చోట పైన నీటిలో కరిగే పలుచని పొరను పరిస్తే దారం నూగులోకి దిగకుండా పైనే నిలుస్తుంది, పని పూర్తయ్యాక దానిని చించి, మిగిలిన తునకలను తడిగుడ్డతో తుడిచేయవచ్చు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అయితే మొదటి ఉతుకులో ఆ పొర పూర్తిగా కరిగిపోయాక నూగు మళ్లీ కుట్ల సందుల్లోంచి పైకి లేస్తుంది కనుక, శాశ్వతమైన ఆధారం దారంతోనే కల్పించాలి. అక్షరాల కింద, వాటి చుట్టూ కొద్ది మేర, కంబళి రంగు దారంతోనే పలుచని వల వంటి పునాది కుట్టు ముందుగా వేయించండి. అది నూగును అణచి ఉంచుతుంది, పైగా రంగు కలిసిపోవడం వల్ల కంటికి దాదాపు ఆనదు. సన్నని గీతలు, చిన్న అక్షరాలు మాత్రం ఎంత జాగ్రత్త పడినా నూగు మీద నిలవవు. నా అభిప్రాయంలో పొడవు నూగు కంబళి మీద రెండు సెంటీమీటర్లకు తక్కువ ఎత్తు అక్షరాలు కుట్టకపోవడమే మంచిది.

ఫ్రేమ్ మచ్చకు కారణం మందమైన బట్టను రెండు రింగుల మధ్య బలవంతంగా ఇరికించడం. కంబళిని ఫ్రేమ్‌లో బిగించకండి. అడుగున ఆధారంగా వేసే బ్యాకింగ్ అనే పొరను మాత్రమే బిగువుగా ఫ్రేమ్‌లో పట్టించి, దానిపై తాత్కాలికంగా అంటుకునే స్ప్రే చల్లి, కంబళిని లాగకుండా పరిచి, డిజైన్ చుట్టూ పొడవాటి కచ్చా కుట్టు వేసి నిలపండి. స్ప్రేను మిషన్‌కు దూరంగా చల్లాలి, లేకపోతే ఆ జిగురు లోపలి భాగాలకు పడుతుంది. ఫ్లీస్ సాగే బట్ట కాబట్టి చించి తీసే బ్యాకింగ్ చాలదు, డిజైన్ చుట్టూ కత్తిరించి మిగతాది అలాగే ఉంచేసే రకమే వాడాలి. ఇప్పటికే పడిన మచ్చపై ఇస్త్రీపెట్టె ఆనించవద్దు, పాలిస్టర్ నూగు కరిగి గట్టిపడుతుంది. పైనుంచి ఆవిరి మాత్రం పట్టించి, మెత్తని బ్రష్‌తో నూగును లేపితే చాలావరకు సర్దుకుంటుంది.

అంచు గీత పక్కకు జరగడానికి సాధారణ కారణం బరువే. కంబళి బల్ల మీదినుంచి కిందికి వేలాడుతూ ఉంటే ఫ్రేమ్ కదిలిన ప్రతిసారీ దానిని వెనక్కి లాగుతుంది. మిషన్ ఎత్తుకు సమానమైన బల్లలను చుట్టూ చేర్చి కంబళి భారమంతా వాటిపై ఉండేలా చూడండి, వేగాన్ని నిమిషానికి 600 కుట్లకు మించనివ్వకండి. ఫ్లీస్ వంటి అల్లిక బట్టకు మొన గుండ్రంగా ఉన్న 75/11 సూది, మందం ఎక్కువైతే అదే రకంలో 90/14 సరిపోతాయి. ఆ సంఖ్యల్లో మొదటిది సూది మందాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన చెబుతుంది, అంటే 75 అనేది 0.75 మిల్లీమీటర్లు.

ప్రశ్న: పసిబిడ్డ కోసం కుట్టిన దుప్పటి వెనుక వైపు గరుకుగా ఉంది. దానిని సరిచేసే మార్గం ఉందా?

జవాబు: తప్పకుండా సరిచేయాలి, ఎందుకంటే బిడ్డ ఒంటికి తగిలేది ఆ వెనుక వైపే. మిగిలిన బ్యాకింగ్‌ను డిజైన్‌కు దగ్గరగా, మూలలు గుండ్రంగా వచ్చేలా కత్తిరించి, దారపు కొసలను పొట్టిగా కోసి, వేడికి అంటుకునే మెత్తని అల్లిక బట్టను పైన అతికించండి. దుప్పటి నూలుదైతే ఇది తేలిక. పాలిస్టర్‌దైతే తక్కువ వేడితో, మధ్యలో గుడ్డ అడ్డం పెట్టి, ముందుగా ఒక మూల ప్రయత్నించి చూడాలి.

తరువాతి దుప్పటికి డిజైన్ ఎంచుకునేటప్పుడే జాగ్రత్త వహించండి. కిక్కిరిసిన నిండు కుట్టు మెత్తని దుప్పటి మధ్య అట్టముక్కలా నిలుస్తుంది, గీతలతో ఖాళీలు వదిలిన డిజైన్ బట్టతోపాటు వంగుతుంది. పొడవాటి పోగులు పక్కపక్కనే ఒత్తుగా పడే వెడల్పైన శాటిన్ కుట్టులో చిన్ని వేళ్లు చిక్కుకునే ప్రమాదం ఉంది కనుక అది పసిపిల్లల దుప్పట్లకు తగదు. తరచూ ఉతికే వస్తువు కాబట్టి రేయాన్ కంటే పాలిస్టర్ దారం మేలు. నూలు దుప్పటిని కుట్టడానికి ముందే ఒకసారి ఉతికి ఆరబెట్టండి, లేకపోతే బట్ట తరువాత కుంచించుకుపోయి డిజైన్ చుట్టూ ముడతలు పడతాయి.

ప్రశ్న: పేరును మూలలో ఏ దిశలో కుట్టాలి?

జవాబు: కంబళిని ఎలా పరుస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. కుర్చీ వీపు మీదినుంచి మూల కిందికి వేలాడేలా వేస్తే అక్షరాల అడుగు భాగం ఆ మూల వైపు ఉండాలి. మంచం మీద పై అంచును మడిచి వేసే అలవాటు ఉంటే కనిపించేది వెనుక ముఖం కనుక కుట్టు ఆ ముఖం మీదే పడాలి. పేరును కాగితంపై అసలు కొలతలో రాసి, గుండుసూదితో గుచ్చి, కంబళిని పరిచి, మడిచి చూసుకున్నాకే గుర్తు పెట్టండి. కుట్టేటప్పుడు మిగతా కంబళిని చుట్టగా చుట్టి క్లిప్పులు పెడితే అది సూది కిందికి జారి డిజైన్‌తో కలిపి కుట్టుకుపోదు.