దయ్యాన్ని వెళ్లగొట్టిన తరువాత

ప్రశ్న: భర్త పెట్టే హింస భరించలేక ఇల్లు విడిచిన ఒక యువతి, తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరగా ఒక పాత మిద్దెలో గది అద్దెకు తీసుకుంటుంది. ప్రతి రాత్రీ వంటింట్లో రుబ్బురోటి పొత్రం తిరిగే చప్పుడు వినిపిస్తుంది. ఆ ఇంట్లోనే దెబ్బలు తిని చనిపోయిన ఒక అవ్వ దయ్యమై తిరుగుతున్నదని తెలుస్తుంది. చివరకు మంత్రగాడు వచ్చి దయ్యాన్ని వెళ్లగొడతాడు, యువతి నిశ్చింతగా నిద్రపోతుంది. నేను రాసిన ఈ కథ చదివినవారు భయపడ్డామన్నారు గాని, ముగింపు వెలితిగా ఉందన్నారు. ఇందులో నా గతం కొంత ఉంది. లోపం ఎక్కడుందో చెప్పగలరా?
— పేరు వేయవద్దని కోరిన పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ కథ చదివాక నన్ను వదలనిది ఆ పొత్రం చప్పుడే. అది ఒకే వేళకు, ఒకే చోట, ఏ మార్పూ లేకుండా వినిపించడం చక్కగా కుదిరింది. ఎందుకంటే తీవ్రంగా గాయపడిన మనసుకు పాత సంగతి ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఈ స్థితిని అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో తన వ్యాధుల పట్టికలో ప్రత్యేకంగా చేర్చింది. ‘గాలి సోకింది’ అని మన అవ్వలు చెప్పిన ఎన్నో కథల లోపల ఉన్నది ఈ బాధేనని నా నమ్మకం.

లోపం మంత్రగాడిలో ఉంది. మీ ఊరి గంగజాతరను ఒకసారి తలచుకోండి. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడిని వెతుకుతూ తాతయ్యగుంట గంగమ్మ వేషం మీద వేషం వేసిందని, దాక్కున్నవాడు దొర వేషానికి మోసపోయి బయటికి వచ్చినప్పుడు సంహరించిందని కదా కథ. అయితే ఆ తరువాత మాతంగి వేషం కూడా ఉంది. పాలెగాణ్ణి చంపిన అమ్మే వెళ్లి అతని భార్యను ఓదారుస్తుంది. మీ కథ దొర వేషం దగ్గరే ఆగిపోయింది. అంతకన్నా బాధ కలిగించేది మరొకటి ఉంది. మీ కథలో శిక్ష పడినది పాలెగాడికి కాదు, దెబ్బలు తిన్న అవ్వకు. బతికుండగా ఆ ఇంట్లో సుఖమెరుగని మనిషిని, చచ్చిన తరువాత కూడా అక్కడినుంచి గెంటివేస్తుంటే, తానూ నిలువనీడ వెతుక్కుంటూ వచ్చిన మీ నాయికకు నిద్ర ఎలా పడుతుంది?

మంత్రగాణ్ణి తీసివేయండి. ఆ స్థానంలో మిద్దెగలామెను నిలపండి. ఆమె కూడా ఏళ్ల తరబడి ఆ చప్పుడు వింటూ, ఎవరూ నమ్మరని దాచుకున్నదని రాయండి. ‘నాకూ వినిపిస్తుందమ్మీ’ అని ఆమె అన్న క్షణాన మీ నాయికకు ఆ ఊళ్లో ఒక మనిషి దొరుకుతుంది. తన భర్త సంగతి కూడా ఆమె అప్పుడే చెప్పుకోగలుగుతుంది. చనిపోయిన తిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు పెట్టడం మన వాడుక కాబట్టి, ఆ రోజు ఇద్దరూ కలిసి, ఎవరూ తలచుకోని ఆ అవ్వకు ఆకు వేసి, అదే రోట్లో నూరిన ఊరుబిండితో సంగటి పెట్టవచ్చు. ఆ రాత్రి పొత్రం ఆగాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే ఆపను.

ఈ కథ రాస్తున్నప్పుడు మీ గతం మరీ బరువనిపిస్తే, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. కథ కొన్నాళ్లు ఆగినా నష్టం లేదు. తిరగరాసినప్పుడు తప్పక పంపండి. మిద్దెగలామె నోరు విప్పే ఘట్టం కోసం ఎదురుచూస్తుంటాను.