ఎస్‌ఎంపీఎస్ వోల్టేజీ తేడాగా ఉంటే షాపు మీద కేసు నిలుస్తుందా?

డౌట్: సార్, మాది కావలి. చిన్న జిరాక్స్, డీటీపీ షాపు, నేనొక్కడినే చూసుకుంటా. రెండు నెలల కింద మద్రాసు రిచీ స్ట్రీట్‌లో 1,450 పెట్టి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు సరఫరా చేసే డబ్బా) కొన్నా. బిల్లు ఇవ్వలా, తెల్ల చీటీ రాసిచ్చారు, డబ్బులు ఫోన్‌పేలో కొట్టా. వారం తిరక్కుండానే సిస్టం దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే మెకానిక్ మీటర్ పెట్టాడు, పసుపు వైరులో 10.9 వోల్టులు చూపించింది. వాట్సాప్‌లో చెప్తే షాపాయన "మీ ఊరి కరెంటు బాలేదు, అమ్మింది వాపసు తీసుకోం" అన్నాడు. పోయిన వారం మదర్‌బోర్డు కూడా పోయింది. కేసేస్తే నిలుస్తుందా, మద్రాసు తిరగాలా?

జవాబు: తమ్ముడూ, నిలుస్తుంది, మద్రాసు పోనక్కర్లేదు. కానీ ముందు ఒకటి చెప్పండి, ఆ ఎస్‌ఎంపీఎస్ ఇప్పుడు ఎక్కడుంది? మెకానిక్ దగ్గర వదిలేసుంటే ఇవాళే తెచ్చి పెట్టుకోండి. నా దగ్గరికి ఇట్లాంటి కేసుతోనే ఒకాయనొచ్చాడు, వస్తువుని అట్టపెట్టెలో తెచ్చాడు, చూస్తే నాలుగు స్క్రూలు ఊడదీసున్నాయి, సీలు స్టిక్కరు చిరిగుంది, లోపల ఒక కెపాసిటర్ (కరెంటు నిలవుంచుకునే భాగం) మార్చేసున్నారు, ఇంక నేనేం వాదించేది? మీరు మాత్రం విప్పొద్దు, విప్పనీయొద్దు. ప్లగ్గు పీకేసినా లోపల కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచుండొచ్చు, ప్రాణానికే ప్రమాదం. వేరే సిస్టంకి తగిలించి చూడటం కూడా వద్దు.

ఇక 10.9 సంగతి. పసుపు వైరులో 12 వోల్టులు రావాలి, అటూ ఇటూ అయిదు శాతం దాకా ఒప్పుకుంటారు, అంటే 11.4 నుంచి 12.6 లోపు. ఎర్ర వైరుకి 4.75 నుంచి 5.25, నారింజ వైరుకి 3.14 నుంచి 3.47. ఆ లెక్కన మీది తప్పే. అయితే అవతలి లాయరు మొదట అడిగేది "మీటర్ కరెక్టేనా" అని, కాబట్టి అదే మీటర్‌తో బాగున్న ఇంకో ఎస్‌ఎంపీఎస్ కూడా కొలిపించి ఫొటో తీసుకోండి. మెకానిక్‌తో తేదీ వేసి, సిస్టం పని చేస్తున్నప్పుడు కొలిచిన రీడింగు ఎంతో కాయితం మీద రాయించి సంతకం తీసుకోండి. ఈ కాయితం లేకపోతే మీ నోటి మాటే మిగుల్తుంది.

"మీ ఊరి కరెంటు" అన్న మాటకి జవాబు ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీదే ఉంటుంది. ప్లగ్గు నుంచొచ్చే కరెంటు (ఇన్‌పుట్) ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో అక్కడ రాసుంటుంది. మనకి ఇళ్లకి, షాపులకి ఇచ్చేది 230 వోల్టులు, ఎలక్ట్రీషియన్‌తో మీ షాపు ప్లగ్గులో ఎంతొస్తుందో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూపించండి, అది లేబుల్ లోపలే ఉంటే షాపాయన మాట నిలబడదు. నిజంగానే బాగా తక్కువొస్తుంటే మాత్రం అది కరెంటోళ్ల సంగతి, 1912కి కంప్లైంటు పెట్టి నంబరు రాసుకోండి. ఎస్‌ఎంపీఎస్ వెనక చిన్న ఎర్ర స్విచ్ ఉండి అది 230 బదులు 115 వోల్టుల దగ్గర ఉందా అని కూడా చూస్కోండి, అట్లా ఉంటే తప్పు మన మీదకే వస్తుంది.

మదర్‌బోర్డు విషయంలో మీకు ఆశ పెట్టి తప్పుదారి పట్టించలేను. వోల్టేజీ తగ్గితే మామూలుగా రీస్టార్ట్ అవుద్ది, బోర్డు కాలేది ఎక్కువగా వోల్టేజీ పెరిగినప్పుడు. అందుకని బోర్డు దేనివల్ల పోయిందో టెక్నీషియన్ రిపోర్టు ఉంటేనే ఆ డబ్బులు అడగండి. నాసిరకం సరుకు వల్ల వేరే వస్తువు పాడైతే నష్టపరిహారం అడిగే హక్కు 2019 వినియోగదారుల చట్టంలో ఉంది, డబ్బా మీద కంపెనీ పేరుంటే వాళ్లని కూడా పార్టీ చేయండి.

బిల్లు లేదని భయపడొద్దు. అసలు బిల్లు ఇవ్వకపోవడమే ఆ చట్టం ప్రకారం తప్పు. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం ఇంకో తప్పు, బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు లెక్క, మీరు వారంలోనే వాట్సాప్‌లో చెప్పారు, ఆ మెసేజీలు చెరపొద్దు. చీటీ, ఫోన్‌పే రసీదు చాలు కొన్నట్టు చూపించడానికి. షాపు కోసం కొన్నావు కాబట్టి వినియోగదారుడివి కాదు అంటారు, కానీ సొంతంగా బతుకుతెరువు కోసం నడుపుకునేవాళ్లకి అది వర్తించదు, ఈ మాట ఫిర్యాదులో తప్పకుండా రాయండి.

ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, అక్కడే తేలిపోవచ్చు. తేలకపోతే 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తర్వాత మీరుండే జిల్లాలోనే, అంటే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అవసరమైతే కమిషనే వస్తువుని సీలు చేసి ల్యాబుకి పంపుద్ది, ఆ ఖర్చు మాత్రం ముందు మీరు కట్టాలి. షాపు మూసుకున్న రోజుల నష్టం కూడా అడుగుతారు కదా, దానికి రోజువారీ జమా పుస్తకం జిరాక్సు జతచేయండి.