ఆరు పాయింట్లకే లైసెన్స్ పోతుందా?

కావలి నుంచి బ్రిటన్ వెళ్లిన మీ తమ్ముడి లైసెన్స్ ఆరు పాయింట్లకే రద్దు చేశారని అడిగారు, అది పొరపాటు కాదండీ. మామూలుగా అక్కడ ట్రాఫిక్ తప్పులకు లైసెన్స్ మీద వేసే పాయింట్లు 3 ఏళ్లలో 12 చేరితే కనీసం 6 నెలలు బండి ముట్టకూడదు. కానీ మొదటిసారి టెస్టు పాసైన 2 ఏళ్లలోపు 6 చేరినా లైసెన్సే రద్దు. మళ్లీ ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ల లైసెన్స్) తీసుకుని థియరీ, డ్రైవింగ్ రెండూ పాసవ్వాలి.

అతివేగానికి కనీసం 3. ఫోన్‌ది మరీ ఘోరం: రెడ్ సిగ్నల్ దగ్గర ఆగి, ఫోన్ చేతిలోకి తీసుకుని వాట్సాప్ చూసినా ఒకేసారి 6 పాయింట్లు, 200 పౌండ్లు. మన ట్రంకు రోడ్డు అలవాటు అక్కడ కొంప ముంచుతుంది.

మన దగ్గరా చట్టం తక్కువదేం కాదు. హెల్మెట్ లేకుండా దొరికితే 1,000 రూపాయల జరిమానాతో పాటు 3 నెలలు లైసెన్స్ చెల్లదు. తమ్ముణ్ణి తిట్టకండి, థియరీ స్లాట్ వెంటనే బుక్ చేసుకోమనండి.